టీచరమ్మ కుట్టిన నీలం నిక్కరు

డ్రిల్లు టీచరమ్మ పోయిందని ఫోనులో కబురు వచ్చినప్పుడు నేను నీలం గుడ్డ కోస్తున్నాను. బడులు తెరిచే రోజులు ముంచుకొస్తున్నాయి. కిష్టారెడ్డిపేటలోని నా కుట్టు షెడ్డులో ఎనిమిది మిషన్లు ఊపిరి తిప్పుకోకుండా నడుస్తున్నాయి. ట్రాక్‌ప్యాంట్ల గుడ్డ పొరల మీద పొరలు పరిచి, పైన సుద్దతో సైజులు గీసి పెట్టుకున్నాను. ఇరవై ఎనిమిది గీత మీద పోవాల్సిన కటింగ్ మిషను ఇరవై ఆరు మీద పోయింది. ఒక్క దెబ్బకు ఒక తరగతి ఆడపిల్లల ప్యాంట్లన్నీ పొట్టివైపోయాయి. ఇన్నేళ్ల పనిలో అలాంటి తప్పు నేను చేయలేదు. "ఏమైందక్కా?" అని మిషను మీది అమ్మాయి అడిగితే, "ఏం కాలే, ఒక ముసలామె సచ్చిపోయింది" అన్నాను. అన్నందుకు సిగ్గేసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మా పాత విద్యార్థినుల గ్రూపులో అప్పటికే దండం పెట్టే బొమ్మలు వరస కట్టాయి. ఒకామె "మన ధైర్యం పోయింది" అని రాసింది. ఫోను బోర్లా పెట్టేశాను. ధైర్యమట!

ఆమెను తలచుకుంటే నాకు ముందు కాళ్లే గుర్తొస్తాయి. కొంగు నడుముకు బిగించి దోపిన నేత చీర, ఆ చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు. పొద్దున్నే బడికి రాగానే ఏ తరగతిలోనో దూరి ఒక సుద్దముక్క తీసుకుని ఆ బూట్లకు రుద్దేది. ఆమె నడిచిన దారంతా తెల్ల ముద్రలు పడేవి. వాటిని పట్టుకుని పోతే ఆమె స్టాఫ్‌రూములో ఉందో, జామచెట్టు కింద ఉందో తెలిసిపోయేది. మెడలో పుస్తెలతాడు, దాని పక్కనే నల్లదారానికి కట్టిన విజిల్. రెండూ మెలిపడ్డప్పుడు మాలో ఒకరిని పిలిచి, "జెర ఇడదియ్యే పిల్లా, మొగడొకటి, ఊదె పీక ఒకటి, రెండు నా మెడకే పడ్డయి" అనేది. నోట్లో ఎప్పుడూ సోంపు ఆడుతుండేది. కోపమొస్తే నమలడం ఆపేసేది. దవడ ఆగిందంటే మేమంతా లైనులో నిలబడేవాళ్లం.

ఒక్కటి మాత్రం ఎవరూ చూడలేదు, ఆమె పరుగెత్తడం. "ఉరుకుడు మీ పని, సూసుడు నా పని" అనేది. నేను ఒకసారి చూశాను. సాయంత్రం బడి వదిలాక టిఫిన్ డబ్బా మరిచిపోయి వెనక్కి వచ్చాను. గ్రౌండులో ఎవరూ లేరు. ఆమె చీర గోచి పోసి, మోకాళ్ల పైకి ఎగదోపి, గ్రౌండు చుట్టూ పరుగెత్తుతోంది. అట్లాంటి పరుగు నేను అంతకుముందు చూడలేదు. మనిషి బరువు ఎక్కడ పోయిందో తెలియలేదు. నన్ను చూడగానే ఆగి, కుచ్చిళ్లు దింపుకుని, నేల మీద వెతుకుతున్నట్టు వంగింది. "విజిల్ దారం తెగి వడ్డది, దేవులాడుతున్న" అంది. విజిల్ ఆమె మెడలోనే ఉంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆమె గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ రోజే తెలుసుకుని ఉంటే బాగుండేది.

మా యూనిఫాం సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఏడో తరగతి దాకా నీలం గౌను. ఎనిమిదిలోకి వచ్చామో లేదో నీలం లంగా, తెల్ల జాకెట్టు, తెల్ల ఓణీ. లంగా అంచు లోపల జానెడు గుడ్డ మడిచి కుట్టించేవాళ్లు, పిల్ల ఎదిగినకొద్దీ విప్పుకోవచ్చని. విప్పిన చోట పాత మడత గీతగా నిలిచిపోయేది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఆ గీతలు చూసి ఎవరిది ఎన్నేళ్ల లంగానో చెప్పేవాళ్లం. నేను ఈ వృత్తిలోకి వచ్చాక ఓణీ పోయి పంజాబీ డ్రెస్సు మీద చున్నీ వచ్చింది, రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకోవాలి. తర్వాత చున్నీ పోయి చేతుల్లేని కోటు వచ్చింది. ఇప్పుడు బుధవారం, శనివారం టీషర్టు, ట్రాక్‌ప్యాంటు. గుడ్డ మారుతూ వచ్చింది గానీ దాని ఉద్యోగం మారలేదు. బడివాళ్లు ఆర్డరివ్వడానికి వస్తే ఇప్పటికీ "ఆడపిల్లలయి జెర పొడుగు పెట్టుండ్రి మేడం" అంటారు. మగపిల్లల టీషర్టు పొడుగు గురించి ఇంతవరకు ఒక్క మహానుభావుడూ నోరు విప్పలేదు.

ఆ లంగా ఓణీలతో మేం కబడ్డీ ఆడేవాళ్లం. కూతకు పోయిన పిల్ల ఓణీ చెంగు దొరికితే చాలు, పట్టు దొరికినట్టే. లంగా కాళ్లకు చుట్టుకుని బొక్కబోర్లా పడేవాళ్లం. మోచేతులు చెక్కుకుపోయేవి. టీచరమ్మ విజిల్ కొరుకుతూ చూసేది. ఒకరోజు మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది.

"మీ ఇండ్లల్ల నాట్లేస్తరు గద. మీ అమ్మ గోచి పెట్టి మడిల దిగితే మోకాళ్లు కనవడ్తయా లేదా?"

"కనవడ్తయి టీచర్."

"ఎవ్వడన్న ఏమన్న అంటడా?"

"అనరు టీచర్."

"గదే. నాట్ల కాడ కనవడితె ఎవ్వనికి నొప్పి లేదు, ఆట కాడ కనవడితె ఊరంత లేస్తది. మోకాలు ఒకటే, చూసెటోని కన్నే ఏరు."

మా ఇంట్లో, మా ఊళ్లో అట్లా మాట్లాడే ఆడమనిషి లేదు. నాకు ఆమె అంటే ప్రాణం. ఇప్పుడు చెప్పడానికి నామోషీగా ఉన్నా నిజం అదే. ఆమె బావిలో దూకమంటే లోతెంతని కూడా అడిగేదాన్ని కాదు.

ఆమె నేర్పిన ఆటలో ఒక నియమం ఉండేది. ఊళ్లల్లో ఆడే ఆటలకు సరైన అంపైర్లు ఎక్కడుంటారు? అందుకని, అవతలి వాళ్ల వేలు తగిలితే మనమే చెయ్యి లేపి బయటకు పోవాలి. ఎవరూ చూడకపోయినా సరే. "అంటుకున్నదా? చెయ్యి లేపు. అబద్ధపు గెలుపు నాకొద్దు" అనేది. ఆట ఊపులో ఎవరైనా లేపకపోతే కెప్టెన్ తన చెయ్యి లేపి ఆ పిల్ల వైపు చూడాలి. అది చూసి ఆ పిల్లకు గుర్తొస్తుంది. కెప్టెన్ని నేనే. ఎన్నిసార్లు లేపానో లెక్కలేదు. లేపిన ప్రతిసారీ ఎవరో ఒకరు నాలుక కరుచుకుని బయటకు పోయేవాళ్లు.

తొమ్మిదో తరగతిలో మా జట్టు సంగారెడ్డిలో జిల్లా పోటీలకు పోవాల్సి వచ్చింది. వారం ముందు నన్ను వాళ్లింటికి రమ్మంది. పోయి చూస్తే గదిలో మిషను ముందు కూర్చుని నీలం గుడ్డ కుడుతోంది. మా లంగాల గుడ్డే, కుడుతున్నది మాత్రం నిక్కర్లు. మోకాలికి నాలుగు వేళ్ల పైకి ఉన్నాయి. ఆమె కూతురు, ఆరేడేళ్ల పిల్ల, కింద కూర్చుని పిన్నీసుకు నాడా గుచ్చి ఒక్కో నిక్కరుకు ఎక్కిస్తోంది. టీచరమ్మ ఒకటి తీసి నా నడుముకు ఆనించి చూసింది.

"లోపల గిది, పైన లంగ. గ్రౌండుకు పోయినంక లంగ ఇడిచేయాలె. ఇంట్ల చెప్పకుండ్రి."

"మా నాయినకు తెలిస్తే?"

"తెలిస్తే నా తానకు రమ్మను. నేనే ఇచ్చిన అని చెప్త. గా మాట నాది, నువ్వు ఉరుకు."

ఆ నిక్కర్లు నేనే తీసుకుపోయి జట్టులో పంచాను. సంగారెడ్డి గ్రౌండులో ఎనిమిది లంగాలు ఒక గుంజ దగ్గర కుప్పగా పడ్డాయి. కాళ్లకు గాలి తగిలింది. నా కాళ్లు అంత దూరం చాచగలవని నాకు ఆ రోజే తెలిసింది. కూతకు పోయి ముగ్గురిని ముట్టి, గీత మీదికి దూకి పడ్డాను. ఆ దూకుడులో నిక్కరు కాళ్ల నడుమ కుట్టు పిగిలింది. ఒంటి కుట్టు వేసింది టీచరమ్మ. ఎవరూ చూడలేదు, నేనూ పట్టించుకోలేదు. గెలిచాం. రాష్ట్ర జట్టు ఎంపికకు నా పేరు రాసుకున్నారు. బస్సులో వస్తుంటే టీచరమ్మ సోంపు పొట్లం మొత్తం నా చేతిలో పోసి, "నీ కాళ్లు నాకుంటేనా..." అని, మాట పూర్తిచేయకుండా కిటికీ వైపు తిరిగింది.

మూడో రోజు పేపర్లో ఫోటో పడింది. నేను గీత మీదికి దూకుతున్న ఫోటో.

మా నాయిన పాశమైలారంలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. క్యాంటీనులో ఎవడో ఆ పేపరు చూపించి, "మీ బిడ్డ మస్తు దునుకుతున్నదే" అని నవ్వాడట. నాయిన అటునుంచి అటే, కంపెనీ యూనిఫాంతోనే బడికి వచ్చాడు. ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన ధోవతి విడిచి ప్యాంటు తొడిగాడు. దానికి ఊళ్లో ఎవరూ పంచాయితీ పెట్టలేదు.

హెడ్మాస్టరు గదిలో నాయిన, నేను, బీరువాకు ఆనుకుని టీచరమ్మ. బల్ల మీద పేపరు, దాని పక్కన నా సంచిలోంచి తీయించిన నిక్కరు.

"గియ్యి ఎవలిచ్చిన్రు పిల్లలకు? ఎవలు ఏసుకొమ్మన్నరు?" అన్నాడు హెడ్మాస్టరు.

నేను టీచరమ్మ వైపు చూశాను. ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. నాట్ల మాట కూడా చెప్తుంది, కంపెనీలో చేరకముందు మా నాయిన ఐదెకరాల రైతు, ఆయనకు ఇట్టే అర్థమవుతుంది అనుకున్నాను. ఆమె దవడ ఆగిపోయి ఉంది. విజిల్ దారం వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. హెడ్మాస్టరు మళ్లీ అడిగాడు. పాపం ఆమెకు గుర్తు రావడం లేదనుకున్నాను. పధ్నాలుగేళ్ల పిల్లను, అంతకంటే ఏం తోస్తుంది? నేను కెప్టెన్ని. ఆమె కళ్లలోకి చూస్తూ నా చెయ్యి లేపాను.

"సూసిన్రా సార్" అంది టీచరమ్మ. "పిల్లనే ఒప్పుకుంటున్నది. కెప్టెన్ గద, అందరికీ తనే కుట్టించింది. నాకేం తెల్వదు సార్."

చెయ్యి దించడం కూడా మరిచిపోయాను. టీచరుకు తెలియకుండా పిల్లలే చేశారని హెడ్మాస్టరు ఒక కాగితం రాయించాడు. ఆమె సంతకం పెట్టింది. చక్కటి గుండ్రటి సంతకం. మా ప్రోగ్రెస్ కార్డుల మీద ఆటల గడిలో పెట్టేదే.

బస్టాండు దాకా నాయిన నాకు నాలుగడుగుల ముందే నడిచాడు. బస్సు ఎక్కాక "టీచరే ఇచ్చింది నాయినా" అన్నాను.

"సర్కారు టీచరమ్మ అబద్ధమాడుతదా? సంతకం వెట్టింది. నిక్కరు తొడిగినవ్, సరే, చిన్నపోరివి. మీదికెల్లి గామె మీద ఏస్తున్నవా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే రోత ఎక్కువగా ఉంది. ఆ రోతను నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఎంపికకు పోలేదు. బడికీ పోలేదు. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. రుద్రారంలో మేనత్త దగ్గర మిషను నేర్చుకున్నాను. మొదట కుట్టింది నీలం లంగాలే, జానెడు మడతతో. నాయిన పదేళ్ల కిందట పోయాడు. చివరి రోజుల్లో నా బిడ్డ బడిలో పరుగుపందెం గెలిచి వస్తే దగ్గరికి తీసుకుని, "ఆడు బిడ్డా, మంచిగ ఆడు. మీ అమ్మ తీర్గ అబద్ధాలు మాత్రం ఆడకు" అన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. అన్నం వార్చుతూ విన్నాను.

నా షెడ్డు మొదలుపెట్టిన రెండేళ్లకు ఒక జూన్ నెలలో టీచరమ్మ లోపలికి వచ్చింది. రిటైరై ఏదో ప్రైవేటు బడిలో ఆటలు చూసుకుంటోంది. అదే నేత చీర, అవే తెల్ల బూట్లు. "బాగున్నవా బిడ్డా?" అంది, నిన్ననే చూసినట్టు. ఆడపిల్లలకు ట్రాక్‌ప్యాంట్లు కావాలంది. శాంపిల్ ఇస్తే లోపలివైపు తిప్పి, రెండు బొటనవేళ్లతో కుట్టు లాగి చూసింది.

"ఈడ డబల్ కుట్టు ఎయ్యాలె. ఉరికేటప్పుడు ఈడనే పోతది."

"తెలుసు టీచర్. మీరిచ్చిన దానికి గూడ ఈడనే పోయింది" అన్నాను.

షెడ్డులో మిషన్లన్నీ నడుస్తున్నాయి. ఆమె చాయ్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "చక్కెర ఎక్కువైందే" అంది.

ఆ తర్వాత ప్రతి జూన్‌లోనూ వచ్చేది. నేను ప్రతి జూన్‌లోనూ చక్కెర తక్కువేసి చాయ్ పెట్టి ఎదురుచూసేదాన్ని. నాకు రాష్ట్ర జట్టు వద్దు, పోయిన చదువు వద్దు. "నేనే ఇచ్చిన" అనే రెండు మాటలు కావాలి. అందుకే ఆమె ఆర్డరు ఏనాడూ కాదనలేదు. పోయినేడు వచ్చినప్పుడు మనిషి బాగా చిక్కింది. గడప దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. కుడిచెయ్యి భుజం దాకా లేచింది. ఆ చెయ్యి ఇంకా పైకి పోతుందనుకున్నాను. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

సంతాప సభకు పోకూడదనుకున్నాను. పోయాను. మా పాత బడి హాలు నిండా పాత పిల్లలు, కొత్త పిల్లలు. కొత్త పిల్లలంతా నేను కుట్టిన ట్రాక్‌ప్యాంట్లలో ఉన్నారు. వేదిక మీద ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క టీచరమ్మ ముఖం. రెండో పక్క ఆ పేపరు ఫోటో, గీత మీదికి దూకుతున్న నేను. కింద పెద్ద అక్షరాలతో "ఆడపిల్లల ఆటకు బాట వేసిన ధీర".

ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ మైకు పట్టుకుంది. "లంగా ఓణీల కాలంలో ఈ ప్రాంతంలో ఆడపిల్లలకు నిక్కర్లు తొడిగించిన మొదటి మనిషి మన టీచర్. ఎవరికీ భయపడలేదు. ఈ ఫోటో కూడా ఆమె ఇచ్చిందే. ప్రతి ఆటల పండుగకు పిల్లలను కూర్చోబెట్టి చెప్పేది, నేనే కుట్టిన, నేనే ఇచ్చిన అని" అంది.

ఆ రెండు మాటలూ ఆమె అందరికీ చెప్పింది. ఏటేటా చెప్పింది. చెప్పాల్సిన ఇద్దరికి, నాకూ మా నాయినకూ తప్ప. నింద ఉన్నన్నాళ్లు అది నాది, పేరు వచ్చే కాలానికి ఆమెది.

"ఈ ఫోటోలో ఉన్న అమ్మాయి ఎవరో మీలో ఎవరికైనా తెలిస్తే చెయ్యి లేపండి."

లేపాను. పైకి పిలిచారు. మైకు ముందుకు పోయేదాకా ఉన్నదున్నట్టు చెప్పాలనే అనుకున్నాను. ముందు వరసలో టీచరమ్మ కూతురు కూర్చుని ఉంది, తల్లి ఫోటో పక్కనే. నాడాలు ఎక్కించిన పిల్ల. ఇప్పుడు ఆమెకు నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. నన్ను గుర్తుపట్టిందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆ నిక్కర్లు నేనే కుట్టించిన. టీచరమ్మకేం తెల్వదు. హెడ్మాస్టరు ముందల ఆమెనే చెప్పింది, కాగితం మీద సంతకం గూడ పెట్టింది."

ఆమె అబద్ధమే ఆమెకు తిరిగి ఇచ్చేశాననుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ కళ్లు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది. "చూశారా! ఆనాడు టీచర్ ఉద్యోగం పోకూడదని తప్పంతా మీద వేసుకున్న పిల్ల. ఆమె పోయాక కూడా ఆ మాట మీదే నిలబడింది. అలాంటి శిష్యులను తయారుచేసింది మన టీచర్!" అంది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

ఇంక నాకు దిక్కు ఒక్కతే. ఆమె కూతురు లేచి "కాదు, మా అమ్మే కుట్టింది, నేను చూసిన, ఈమెను అబద్ధాలకోరును చేసింది" అంటే చాలు. ఆమె కళ్లలోకి చూస్తూ నా చెయ్యి లేపాను, కెప్టెన్ లేపినట్టు. ఆమెకు ఆ నియమం తెలియకుండా ఉండదు, ఆ గ్రౌండు పక్కనే పెరిగింది.

వెనక వరసలోంచి ఎవరో "జోహార్!" అని అరిచారు. "టీచరమ్మకు జోహార్!" అని హాలంతా అందుకుంది. ఎన్నో చేతులు ఒక్కసారి పైకి లేచాయి. ముందు వరసలో కూతురు మాత్రం తల వంచుకుని, రెండు చేతులతో తల్లి ఫోటో మీది దండ సరిచేస్తూ కూర్చుంది.